అమెరికాలో పీఈ లైసెన్స్: పరీక్ష కన్నా డిగ్రీ, అనుభవం దగ్గరే ఎక్కువ చిక్కు

క్లుప్తంగా: అమెరికాలో ప్రజల భద్రతతో ముడిపడిన ఇంజినీరింగ్ డిజైన్ మీద సొంతంగా సంతకం పెట్టాలంటే ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్స్, అంటే పీఈ, ఉండాలి. దాన్ని ఇచ్చేది కేంద్రం కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర బోర్డు. తగిన డిగ్రీ, ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) అనే తొలి పరీక్ష, దాదాపు నాలుగేళ్ల అనుభవం, పీఈ పరీక్ష మామూలు మెట్లు. ఇండియాలో బీటెక్ చేసి అమెరికాలో ఎంఎస్ చేసినవారికి పరీక్షల కంటే బీటెక్ మదింపు, పీఈ పర్యవేక్షణలో అనుభవం అనే రెండు మెట్ల దగ్గరే ఆలస్యం జరుగుతుంది.

సివిల్, స్ట్రక్చరల్, ఎన్విరాన్‌మెంటల్ బ్రాంచీల్లో ఎంఎస్ చేసి కన్సల్టింగ్ కంపెనీలో చేరిన తెలుగు విద్యార్థులు ఈ మాట మొదటి వారంలోనే వింటారు: "పీఈ ఎప్పుడు రాస్తున్నావు?" అడిగినంత తేలిక కాదు జవాబు. ఒక సీనియర్ చెప్పిన దారి టెక్సాస్‌లో చెల్లుతుంది, కాలిఫోర్నియాలో చెల్లదు. ఇంకొకరు ఎంఎస్ ఉంది కాబట్టి బీటెక్ ఎవరూ చూడరంటారు. చాలా బోర్డుల విషయంలో అది నిజం కాదు. నిబంధనలు ఇలా ఎందుకున్నాయో అర్థం కావాలంటే అవి ఎక్కడ పుట్టాయో ముందు చూడాలి.

నీటి పర్మిట్ల నుంచి మొదలు

ఇంజినీర్లకు లైసెన్స్ తప్పనిసరి చేసిన మొదటి అమెరికా రాష్ట్రం వయోమింగ్, 1907లో. అక్కడ నది నీటిని పొలాలకు మళ్లించుకోవాలంటే రాష్ట్రానికి మ్యాపులు, ప్లాన్లు సమర్పించి అనుమతి తీసుకోవాలి. ఆ ప్లాన్ల మీద ఇంజినీరుగా, సర్వేయరుగా సంతకాలు పెట్టినవాళ్లలో లాయర్లు, నోటరీలు కూడా ఉండేవారు. ఒకరి కాలువ కొలత తప్పితే దిగువ రైతు నీళ్లు పోతాయి. సంతకం పెట్టే హక్కు ఎవరికుందో తేల్చడానికే ఆ చట్టం వచ్చింది.

మిగతా చోట్ల ప్రమాదాలు తోశాయి. 1928లో కాలిఫోర్నియాలో సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ కూలి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ సివిల్ ఇంజినీర్లకు రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 1937 మార్చిలో టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో బడి కింద చేరిన సహజ వాయువు పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, ప్రాణాలు కోల్పోయారు. గ్యాస్‌కు వాసన కలపాలన్న నిబంధన, టెక్సాస్ ఇంజినీరింగ్ చట్టం రెండూ ఆ పేలుడు తర్వాత వచ్చినవే.

ఈ నేపథ్యం వల్లే లైసెన్స్ రాష్ట్రాల చేతుల్లో ఉండిపోయింది. పరీక్షలు తయారుచేసే ఎన్‌సీఈఈఎస్ అన్ని రాష్ట్రాల బోర్డులు కలిసి నడిపే సంస్థ మాత్రమే. అది పరీక్ష పెడుతుంది, ఫలితం చెబుతుంది. లైసెన్స్ మాత్రం బోర్డే ఇవ్వాలి.

ముద్ర వేశాక ఏమవుతుంది

పీఈ అయినవారికి ఒక సీల్ ఉంటుంది. డ్రాయింగ్ మీద, లెక్కల మీద సీల్, సంతకం, తేదీ వేస్తే ఆ డిజైన్ బాధ్యత వ్యక్తిగతంగా వారిదే. కంపెనీ మూతపడినా, ఉద్యోగం మారినా ఆ బాధ్యత వెంట వస్తుంది.

1981 జులైలో కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో జరిగినది దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. లాబీ పైన గాలిలో వేలాడే నడక వంతెనలు, రెండో అంతస్తుది, నాలుగో అంతస్తుది ఒకదాని కింద ఒకటి. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ రెండు వంతెనల గుండా దిగుతుంది. ఏ వంతెన కింది నట్టు ఆ వంతెన బరువే మోస్తుంది. కట్టేవాళ్ల సౌలభ్యం కోసం ఆ కడ్డీని రెండు ముక్కలు చేశారు. పై ముక్క పైకప్పు నుంచి నాలుగో అంతస్తు వంతెన దాకా, కింది ముక్క ఆ వంతెన నుంచి రెండో అంతస్తు వంతెన దాకా. దాంతో కింది వంతెన బరువు పైవంతెనకే వేలాడింది. పైవంతెన దూలం కింది నట్టు మీద భారం రెట్టింపైంది. నృత్య కార్యక్రమానికి జనం చేరిన సాయంత్రం ఆ నట్టు దగ్గర దూలం చీలి వంతెనలు కూలాయి. 114 మంది చనిపోయారు.

మార్పు ప్రతిపాదించింది ఉక్కు పని చేసిన సంస్థ. కడ్డీ, దూలం కలిసే ఆ కీలు లెక్క వాళ్లే చూసుకుంటారని డిజైన్ ఇంజినీర్లు అనుకున్నారు, డిజైన్ వాళ్లు చూశారని ఉక్కు సంస్థ అనుకుంది. కానీ మార్చిన డ్రాయింగుల మీద ఆమోద ముద్ర ఇంజినీర్లదే. ఆ బాధ్యతను ఇంకొకరి మీదకు నెట్టే వీల్లేదని తేల్చి మిస్సోరి బోర్డు ఇద్దరు ఇంజినీర్ల లైసెన్సులు రద్దు చేసింది. అనుభవం గురించి, రిఫరెన్సుల గురించి బోర్డులు అంత గుచ్చి గుచ్చి అడగడం వెనక ఉన్నది ఇదే.

అందరికీ అక్కర్లేదు

ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్న ప్రతివారికీ పీఈ అవసరం లేదు. పీఈ పర్యవేక్షణలో పనిచేసే ఉద్యోగికి అక్కర్లేదు. కార్లు, ఫోన్లు, యంత్రాలు తయారుచేసే కంపెనీల్లో పనిచేసేవారికి చాలా రాష్ట్రాలు పారిశ్రామిక మినహాయింపు ఇస్తాయి. వస్తువు పాడైతే జవాబుదారీ కంపెనీదని దాని వెనక తర్కం. వంతెనలు, భవనాలు, నీటి శుద్ధి కేంద్రాలు, రోడ్లు, భవనాల్లో ఏసీ-కరెంటు-ప్లంబింగ్ డిజైన్లు, ఇలా ప్రభుత్వ అనుమతికి వెళ్లే పనుల్లో ఉన్నవారికి మాత్రం పీఈ లేకపోతే ఒక స్థాయి దాటి ప్రమోషన్ రావడం కష్టం.

ఆ మినహాయింపు మీద చర్చ ఇంకా ముగియలేదు. 2018 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లోని లారెన్స్, ఆండోవర్ ప్రాంతాల్లో ఇళ్లలోకి గ్యాస్ అధిక ఒత్తిడితో దూసుకొచ్చి పేలుళ్లు, మంటలు చెలరేగాయి. పాత ఇనుప గొట్టాన్ని పక్కనపెట్టి కొత్త ప్లాస్టిక్ గొట్టం వేసేటప్పుడు, ఒత్తిడిని కొలిచే సన్నని పైపులను పాత గొట్టానికే వదిలేశారు. వాడుకలో లేని గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంటే, గ్యాస్ చాలడం లేదనుకున్న రెగ్యులేటర్ కొత్త లైన్‌లోకి ఇంకా ఇంకా వదిలింది. ఆ పని ప్లాన్ల మీద పీఈ ముద్ర లేదు, ఎందుకంటే గ్యాస్ సంస్థలకు మినహాయింపు ఉంది. జాతీయ రవాణా భద్రతా బోర్డు సిఫారసు మీద మసాచుసెట్స్ ఆ ఏడాది చివరికల్లా దాన్ని ఎత్తేసింది.

సాఫ్ట్‌వేర్ వారి సంగతి వేరే. 2013లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌కు కూడా పీఈ పరీక్ష మొదలుపెట్టారు. 2019లో ఆపేసేనాటికి రాసింది మొత్తం 81 మంది. ఉద్యోగానికి అవసరం లేని లైసెన్స్ కోసం ఎనిమిది గంటల పరీక్ష ఎవరు రాస్తారు?

డిగ్రీ దగ్గర పడే పీటముడి

బోర్డులు ముందుగా అడిగేది ఏబెట్ గుర్తింపు ఉన్న ఇంజినీరింగ్ డిగ్రీ. ఏబెట్ అంటే ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ. ఏబెట్ గుర్తింపు ప్రధానంగా బ్యాచిలర్ డిగ్రీలకు ఉంటుంది. అందుకే ఎంత పేరున్న అమెరికా యూనివర్సిటీలో ఎంఎస్ చేసినా, చాలా బోర్డులు వెనక్కి వెళ్లి బీటెక్ ఎక్కడ, ఏమేం చదివారని చూస్తాయి. ఎంఎస్ వల్ల ఒక ఏడాది అనుభవం తగ్గడం వంటి లాభం చాలాచోట్ల ఉంది కానీ, అది బీటెక్ లోటు పూడుస్తుందన్న గ్యారంటీ లేదు.

"మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో ఉంది కదా" అన్నది తరచూ వినబడే వాదన. ఉన్న మాట నిజమే. 2014లో ఇండియా తరఫున, ఇక్కడి కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ అందులో శాశ్వత సభ్యత్వం పొందింది. అయితే అది గుర్తింపు సంస్థల మధ్య ఒప్పందం, లైసెన్స్ బోర్డుల మధ్య కాదు. అమెరికా తరఫున సంతకం పెట్టింది ఏబెట్. రాష్ట్ర బోర్డులు దానికి కట్టుబడాల్సిన పని లేదు, కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. పైగా ఎన్‌బీఏ ఇచ్చే గుర్తింపులో టైర్-1, టైర్-2 అని రెండు రకాలు. ఒప్పందం కిందకు వచ్చేది టైర్-1 మాత్రమే, అంటే సొంతంగా సిలబస్, పరీక్షలు నిర్వహించుకునే యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీలు. జేఎన్‌టీయూ సిలబస్‌తో నడిచే మామూలు అనుబంధ కాలేజీకి ఎన్‌బీఏ గుర్తింపు ఉందని గేటు మీద రాసి ఉన్నా అది టైర్-2 అయి ఉంటుంది. కాలేజీ బ్రోషర్లలో ఈ తేడా సాధారణంగా కనిపించదు.

గుర్తింపు లేని డిగ్రీని ఎన్‌సీఈఈఎస్ మదింపు చేస్తుంది. ఉన్నత గణితం, మూల శాస్త్రాలు కలిపి 32 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ సైన్స్, డిజైన్ కలిపి 48 క్రెడిట్లు ఉన్నాయా లేదా అని సబ్జెక్టు వారీగా లెక్క తీస్తారు. మన బీటెక్‌లలో ఇంజినీరింగ్ సబ్జెక్టులకు కొదవ ఉండదు. తేడా వస్తే గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ వైపు వచ్చే అవకాశమే ఎక్కువ. కారణం చిత్రంగా ఉంటుంది: ఎంపీసీలో రెండేళ్లు రాత్రింబవళ్లు రుద్దిన కాలిక్యులస్, ఫిజిక్స్ ఇంటర్ ఖాతాలోకి పోతాయి, బీటెక్ ఖాతాలో పడవు. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరినవారికి ఇంకో మెలిక. మొదటి ఏడాది సబ్జెక్టులు వారి బీటెక్ మెమోలోనే ఉండవు, డిప్లొమా పత్రాలు కూడా చూపించి ఒప్పించుకోవాలి.

ఈ మదింపుకు ట్రాన్‌స్క్రిప్టులు విద్యార్థి చేతి మీదుగా కాకుండా యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. ప్రతి సబ్జెక్టులో ఏం చెప్పారో తెలిపే సిలబస్ వివరాలు కావాలి. చేతిలో సీఎంఎం (అన్ని మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఉంటే సరిపోదు. పదేళ్ల క్రితం రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం ఇప్పుడు వెతకడం అంటే కాలేజీ, యూనివర్సిటీ చుట్టూ ఇంట్లోవాళ్లు తిరగాల్సిన పని. విమానం ఎక్కేముందే ట్రాన్‌స్క్రిప్టులతో పాటు సిలబస్ కాపీ దాచుకున్నవాళ్లకు ఈ టెన్షన్ ఉండదు. లోటు తేలితే బోర్డు ఒప్పుకున్న చోట, ఉదాహరణకు కమ్యూనిటీ కాలేజీలో, ఆ క్రెడిట్లు పూర్తిచేయాలి.

నాలుగేళ్ల అనుభవం: ఏది లెక్కలోకి వస్తుంది

సాధారణ లెక్క నాలుగేళ్లు. ఎన్‌సీఈఈఎస్ నమూనా చట్టం ప్రకారం ఎంఎస్ ఉంటే మూడు, పీహెచ్‌డీ ఉంటే రెండు. రిఫరెన్సులు అయిదు, వాటిలో మూడు పీఈలవి.

ఇక్కడ ఏళ్ల కంటే పని స్వభావం ముఖ్యం. బాధ్యత ఏటా పెరగాలి, ఎక్కువ భాగం పీఈ పర్యవేక్షణలో జరగాలి. దరఖాస్తులో "భవనం ప్రాజెక్టులో పనిచేశాను, డ్రాయింగులు తయారుచేశాను" అని రాస్తే అది డ్రాఫ్టింగ్ పని కింద పోయే ప్రమాదం ఉంది. "గాలి, భూకంప భారాలు లెక్కించాను, ఫలానా బీమ్‌కు ఈ కారణంతో ఈ సైజు ఎంచుకున్నాను, పునాదికి మట్టి నివేదికలోని ఈ విలువలు తీసుకున్నాను" అని రాస్తే బోర్డు సభ్యుడికి నిర్ణయం ఎవరు తీసుకున్నారో కనిపిస్తుంది. "సాయం చేశాను", "పాల్గొన్నాను" అనే మాటలు వినయంగా ఉంటాయేమో కానీ ఈ పత్రంలో నష్టమే చేస్తాయి.

తయారీ కంపెనీలో, కాంట్రాక్టర్ దగ్గర చేరినవారికి అసలు పైన పీఈ ఉండకపోవచ్చు. లైసెన్స్ కావాలనుకునేవారు ఉద్యోగం ఒప్పుకునే ముందే బాస్‌కు పీఈ ఉందా అని అడగడం మంచిది. నాలుగేళ్ల తర్వాత అడిగితే ఆ నాలుగేళ్లు వెనక్కి రావు. ఉద్యోగం మారేటప్పుడే పాత బాస్ చేత అనుభవాన్ని ఎన్‌సీఈఈఎస్ రికార్డులో ధ్రువీకరించుకోవడం కూడా అంతే అవసరం; ఆయన రిటైరయ్యాక పట్టుకోవడం కష్టం.

పరీక్షలు రెండు

ఎఫ్ఈ పరీక్ష బీటెక్ పాఠాలకు దగ్గరగా ఉంటుంది. 110 ప్రశ్నలు, మొత్తం ఆరు గంటల సెషన్. కంప్యూటర్ మీద, ఏడాది పొడవునా రాయొచ్చు. చదువు తాజాగా ఉన్నప్పుడు, అంటే ఎంఎస్ చివరి సెమిస్టర్‌లో రాస్తే తేలిక. పాసై బోర్డుకు దరఖాస్తు చేస్తే ఇంజినీర్ ఇన్ ట్రైనింగ్ సర్టిఫికెట్ వస్తుంది.

పీఈ బ్రాంచీని బట్టి ఉంటుంది. సివిల్ అయితే 80 ప్రశ్నలు, ఎనిమిది గంటలు. స్ట్రక్చరల్, జియోటెక్నికల్, ట్రాన్స్‌పోర్టేషన్, నీటి వనరులు-పర్యావరణం, కన్‌స్ట్రక్షన్ అనే అయిదింటిలో ఒకటి ఎంచుకోవాలి. కాగితం మీద రాసే రోజుల్లో అభ్యర్థులు సూట్‌కేసుల నిండా పుస్తకాలు తెచ్చుకునేవారు. ఇప్పుడు తెర మీద కనిపించే హ్యాండ్‌బుక్, కోడ్ పుస్తకాలే దిక్కు. సూత్రం తెలిసినా అది హ్యాండ్‌బుక్‌లో ఎక్కడుందో తెలియకపోతే సమయం పోతుంది. ఆ హ్యాండ్‌బుక్ ఎన్‌సీఈఈఎస్ దగ్గర ఉచితంగానే దొరుకుతుంది, కాబట్టి మొదటి రోజు నుంచీ దానితోనే సాధన చేయాలి. కాలిక్యులేటర్ అనుమతించిన మోడళ్లలోనే ఉండాలి. ఆ జాబితాలో మన కాలేజీల్లో అందరి బ్యాగుల్లో ఉండే క్యాసియో ఎఫ్ఎక్స్-991 ఉంది.

ఫెయిలైతే ఏడాదిలో మూడు సార్ల వరకు రాసే వీలుంది, కొన్ని బోర్డులకు సొంత పరిమితులున్నాయి.

రాష్ట్రం మారితే రూలు మారుతుంది

అనుభవం పూర్తికాకముందే పీఈ పరీక్ష రాయనిచ్చే రాష్ట్రాలు చాలానే ఉన్నాయి. పరీక్ష ముందే అయిపోయినా లైసెన్స్ మాత్రం అనుభవం నిండాకే. కాలిఫోర్నియాలో గుర్తింపు ఉన్న డిగ్రీకి రెండేళ్ల అనుభవం చాలు. కానీ సివిల్ వారు భూకంప సూత్రాల మీద, సర్వేయింగ్ మీద అదనంగా రెండు రాష్ట్ర పరీక్షలు రాయాలి. భూకంపాల నేల కాబట్టి అది అర్థమయ్యే షరతే. ఇల్లినాయ్‌లో భవనాల స్ట్రక్చరల్ డిజైన్‌కు పీఈ సరిపోదు, ఎస్ఈ అనే వేరే లైసెన్స్ కావాలి.

ఒక రాష్ట్రంలో లైసెన్స్ వచ్చాక ఇంకో రాష్ట్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు, పీఈ పరీక్ష మళ్లీ రాయక్కర్లేదు. కానీ బీటెక్ మదింపును మొదటి బోర్డు ఒప్పుకుంది కాబట్టి రెండోది కూడా ఒప్పుకోవాలనేమీ లేదు. మొదటి రాష్ట్రాన్ని తేలికగా ఉందని ఎంచుకున్నవారికి ఇబ్బంది ఇక్కడ ఎదురవుతుంది.

పౌరసత్వం అడ్డు కాదు. ప్యూర్టో రికోలో అమెరికా పౌరులు కాని సివిల్ ఇంజినీర్లను సొంత ప్రాక్టీసు నుంచి దూరం పెట్టిన చట్టాన్ని 1976లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయితే లైసెన్స్ వచ్చినంత మాత్రాన హెచ్1బీ, గ్రీన్‌కార్డు స్థితి మారదు.

మన దగ్గర, మరికొన్ని దేశాల్లో

ఇండియాలో లాయర్లకు 1961 అడ్వకేట్స్ చట్టం, ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉన్నాయి. ఇంజినీర్లకు అలాంటి జాతీయ చట్టం లేదు. ముసాయిదాల మీద ఏళ్ల తరబడి చర్చ నడుస్తూనే ఉంది. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఇచ్చే చార్టర్డ్ ఇంజినీర్ సర్టిఫికెట్‌కు వాల్యుయేషన్ వంటి పనుల్లో విలువ ఉంది, కానీ అది లేనివారు డిజైన్ చేయకూడదన్న నిషేధం ఏ చట్టంలోనూ లేదు. మున్సిపాలిటీలు బిల్డింగ్ ప్లాన్ల కోసం ఇంజినీర్లకు, స్ట్రక్చరల్ ఇంజినీర్లకు సొంత లైసెన్సులు ఇస్తాయి. అక్కడ చూసేది ప్రధానంగా డిగ్రీ, ఏళ్ల అనుభవం. జాతీయ స్థాయి పరీక్ష లేదు. ఒక ఊళ్లో లైసెన్స్ పోయినవారి సంగతి పక్క ఊరికి తెలిసే ఏర్పాటు కూడా బలంగా లేదు. అసలు బలహీనత అదే అనిపిస్తుంది.

బ్రిటన్‌లో చార్టర్డ్ ఇంజినీర్ అనేది అర్హత చూసి ఇచ్చే వృత్తి హోదా, చాలా పనులకు చట్టపరమైన లైసెన్స్ కాదు. కెనడాలో పీ.ఇంజ్ అనే లైసెన్స్ ఉంది, 2023లో ఒంటారియో బోర్డు కెనడా అనుభవమే ఉండాలన్న షరతును తొలగించడంతో మన దేశంలో చేసిన పనికి అక్కడ విలువ పెరిగింది. సౌదీలో విదేశీ ఇంజినీర్లు సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజినీర్స్‌లో నమోదు కావాలి.

హైదరాబాద్‌లో గీసే అమెరికా డ్రాయింగులు

అమెరికా కన్సల్టింగ్ సంస్థల డిజైన్ కేంద్రాలు హైదరాబాద్‌లో పనిచేస్తున్నాయి. లెక్క ఇక్కడ, ముద్ర అక్కడ. ఇది నిషిద్ధం కాదు. పనిని మొదటి నుంచీ నడిపించి, నిర్ణయాలు తీసుకునే స్థితిలో ఉన్న పీఈ మాత్రమే సీల్ వేయాలన్నది బోర్డుల నియమం. పూర్తయిన డ్రాయింగుల కట్ట పంపితే పైపైన చూసి ముద్ర కొట్టడం చాలా రాష్ట్రాల్లో క్రమశిక్షణ చర్యకు దారితీసే తప్పు.

ఇక్కడ పనిచేసిన ఇంజినీరు తర్వాత అమెరికా వెళ్లి పీఈకి దరఖాస్తు చేస్తే ఈ అనుభవం లెక్కలోకి వస్తుందా అన్నది బోర్డును బట్టి ఉంటుంది. అప్పుడు పనికొచ్చేవి చిన్న కాగితాలే: అక్కడి పీఈ తన లెక్కల మీద ఏ తేదీన ఏం వ్యాఖ్య రాశారు, దానికి ఏం మార్పు చేశారు, ఏ కోడ్ ఏ సెక్షన్ వాడారు అన్న రికార్డు. కంపెనీ రహస్య పత్రాలు బయటికి తీసుకెళ్లకూడదు కాబట్టి, ప్రాజెక్టుకో పేజీ చొప్పున సొంత మాటల్లో నోటు రాసుకుని, అది సరేనని ఆ పీఈ చేత అప్పుడప్పుడే చెప్పించుకోవడం ఆచరణలో కుదిరే మార్గం.